పులికాట్ ఉత్తరపు వాకిట

కోట బస్టాండులో ఇంకా తెల్లారలేదు. సంక్రాంతి ముందు రోజులు. మంచుకు తడిసిన సిమెంటు బెంచీ మీద కూర్చోలేక మీరు టీ కొట్టు ముందు నిలబడ్డారు. కొట్టాయన పాలు తిరగబోస్తూ మీ మెడలో వేలాడే బైనాక్యులర్స్ వంకే చూస్తున్నాడు. విద్యానగర్ ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు గూడూరు బస్సు కోసం సెల్‌ఫోన్ వెలుగులో కాచుకుని ఉన్నారు. టార్పాలిన్ కప్పిన లారీలు ఒకదాని వెనక ఒకటి రోడ్డు దులుపుకుంటూ పోతున్నాయి. వాటిలో ఉన్నది తెల్ల ఇసుక, సిలికా. కోట, చిల్లకూరు మండలాల నేలలో తవ్వి గాజు ఫ్యాక్టరీలకు తోలతారు. మీ చేతిలో ఉన్న టీ గ్లాసులోనూ ఈ ఊరి ఇసుక ఉందేమో, ఎవరు చెప్పొచ్చారు!

"ఎందాక సార్?" కొట్టాయనే అడిగాడు.

"దుగరాజపట్నం."

"పక్షులకా? పక్షులకైతే సూళ్లూరుపేటకు పోవాల గదా. ఈడేముండాది, రొయ్యల గుంటలు తప్ప."

ఈ మాట మీకు పొద్దుగూకేలోపు ఇంకా చాలాసార్లు వినిపిస్తుంది. పులికాట్ అంటే సూళ్లూరుపేట అనే అనుకుంటారు అందరూ. మూడు రోజుల ఫ్లెమింగో ఫెస్టివల్, బైపాసు రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు, బస్సుల్లో దిగే బడిపిల్లలు. అదంతా సరస్సుకు నడుమ భాగం. దాని ఉత్తరపు కొస కోట పక్కనున్న వాకాడు మండలంలో, దుగరాజపట్నం దగ్గర ఉంది. సముద్రపు నీరు ఆంధ్ర వైపు నుంచి సరస్సులోకి వచ్చే దారుల్లో ఒకటి అక్కడే. ముందు అక్కడికే పోదాం. పక్షులు సాయంత్రానికి. అవెక్కడికీ పోవు, ఆ నీళ్లలో తిండి ఉన్నన్నాళ్లూ.

కోట అనగానే పై ఊళ్ల వాళ్లకు శ్రీహరికోట గుర్తొస్తుంది. అది రాకెట్లు ఎగిరే దీవి, ఇది వరి పండే మండల కేంద్రం. ఆకాశంలోకి నిప్పుతోక సాగినప్పుడు మాత్రం ఇక్కడా జనం మిద్దెలెక్కుతారు.

ఆటో మాట్లాడుకుని ఎక్కారు. ఊరు దాటగానే రెండు వైపులా పచ్చటి చేలు. నెల్లూరు సీమలో పెద్ద పంటకు కార్తెలు చూసుకుని నవంబరు, డిసెంబరుల్లో నాట్లు పడతాయి కాబట్టి జనవరికి చేను దుబ్బు కట్టి నిండుగా ఉంటుంది. స్వర్ణముఖి బ్యారేజీ, వాకాడు వెనకబడ్డాయి. ముఖ్యమంత్రిగా చేసిన నేదురుమల్లి జనార్దనరెడ్డి ఊరు వాకాడే. ఇందాక బస్టాండులో చూసిన కుర్రాళ్ల కాలేజీ కూడా 1979లో ఆయన పెట్టిందే.

తూర్పుకు పోయేకొద్దీ వరి పలచబడి నేల రంగు మారుతుంది. రొయ్యల గుంటలు మొదలవుతాయి. కొన్నింట్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. కొన్ని ఎండగట్టి, అడుగు పగుళ్లు తేలి ఉన్నాయి. 1990 దశకం మొదట్లో ఈ తీరమంతా టైగర్ రొయ్యతో ఊగిపోయింది. సైకిల్ తొక్కినవాడు కారెక్కాడు. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరసు వచ్చి ఆ కారును అమ్మించింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్పు చెప్పింది. 2009 తర్వాత వనామి రొయ్యకు అనుమతి వచ్చింది, ఊపు మళ్లీ మొదలైంది. వెయ్యి మీటర్ల లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆటోలోంచి చూస్తే తెలియదు. ఎండాకాలం ఒకచోటికి, వానాకాలం ఇంకోచోటికి జరిగే గట్టు ఇది.

బకింగ్‌హాం కాలువ వంతెన దగ్గర ఆటో ఆపించండి. కింద కదలని ఆకుపచ్చ నీరు, ఒడ్డున బోల్తా వేసిన నాటు పడవ. 1806లో మద్రాసు పక్కన చిన్న కాలువగా మొదలైన తవ్వకం మెల్లమెల్లగా ఉత్తరానికి పాకి కృష్ణ కాలువల దాకా వచ్చి కలిసింది. శ్రీహరికోట అడవి కట్టె, ఈ తీరపు ఉప్పు ఈ దారినే పడవల మీద మద్రాసు పొయ్యిల దాకా పోయేవి. రైలు వచ్చి ఆ బేరాన్ని కొట్టేసింది, తుపాన్లు గట్లను కొట్టేశాయి. 2004 సునామీనాడు మాత్రం ఈ పాడుబడ్డ కాలువే చాలాచోట్ల కెరటాన్ని తన కడుపులో వేసుకుని వెనక ఊళ్లను కాపాడింది.

దుగరాజపట్నం వచ్చింది. సరుగుడు తోపులు, తాటిచెట్లు, ఇళ్ల ముందు ఆరబెట్టిన వలలు, ఎండుచేపల వాసన. ఇంగ్లీషు వాళ్లు చెన్నపట్నం కంటే ముందు కోట కట్టుకున్న చోటిదని ఇక్కడ దిగినవాడికి ఎవరూ చెప్పరు. చెప్పేందుకు ఒక బోర్డయినా ఉండాలి కదా! 1626లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ గిడ్డంగి పెట్టి, ఫిరంగులు నిలబెట్టి, తమకు సాయపడిన ఆరుముగం మొదలియారు పేరు మీద ఆర్మగాన్ అని పిలుచుకుంది. దక్షిణపు కొసన పళవేర్కాడులో డచ్చివాళ్లు 1613లోనే కోట కట్టి కూర్చున్నారు. అంటే ఒకే సరస్సుకు ఆ చివర ఒక కంపెనీ, ఈ చివర ఒక కంపెనీ. ఇక్కడి గిడ్డంగికి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు నేల సంపాదించాక ఇంగ్లీషు వాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. అలా సర్దుకోకపోయి ఉంటే చెన్నై ఇక్కడే ఉండేదేమో అని వాకాడు వాళ్లు సరదాగా అంటే కాదనబుద్ధి కాదు.

ఆ తర్వాత కూడా ఈ ఊరికి ఓడలు వస్తామని మాట ఇచ్చాయి. 2014 రాష్ట్ర విభజన చట్టంలో దుగరాజపట్నంలో పెద్ద రేవు కడతామనీ, మొదటి దశ 2018 ఆఖరుకు పూర్తి చేస్తామనీ రాశారు. ఉత్తరాన కృష్ణపట్నం రేవు, దక్షిణాన రాకెట్ కేంద్రం, పక్కనే పక్షుల అభయారణ్యం. ఈ మూడింటి మధ్య ఆ రేవు కాగితం దాటలేదు. ఇప్పుడు నౌకా నిర్మాణ కేంద్రం మాట నడుస్తోంది. వల అల్లుతున్న పెద్దాయన్ని కదిపి చూడండి.

"వస్తే మంచిదేలే అబ్బయా. మా మనవళ్లకు పని దొరకతాది. అయితే ఓడ రావాలంటే లోతు గావాల గదా. ముందు మా రాయదొరువు తెరవమను. పడవకే దారి లేకుండా ఉంటే ఓడ ఎట్టా వస్తాది?"

రాయదొరువంటే సరస్సు ముఖద్వారం. అది చూడాలంటే నడవాలి. ఆటో ఇసుకలో దిగబడుతుంది. చెప్పులు చేతబట్టుకోండి. అడవి తీగలు అల్లుకున్న ఇసుక తిన్నె ఎక్కి దిగితే ఎడమ చేతి వైపు బంగాళాఖాతం హోరు, కుడి చేతి వైపు చప్పుడు లేని సరస్సు. నడుమ సన్నటి పాయ. ఈ పూట మోకాలి లోతుంది. దాని నోటికి అడ్డంగా ఇసుక మేట, మేట మీద వరుసగా గాలికి ఎదురుగా నిలబడ్డ సముద్రపు కాకులు. పాయలో చెయ్యి పెట్టి చూడండి. నీళ్లు మెల్లగా లోపలికి లాగుతున్నాయి. పోటు సమయం.

ఇంతే. పులికాట్ బతుకంతా ఈ మోకాలి లోతులో ఉంది.

రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్ల పోటుతో పాటు ముఖద్వారంలోంచి సరస్సులోకి వస్తుంది. ఉప్పూ తీపీ కలిసిన ఆ లోతులేని నీళ్లలో మేత తిని, ఎదిగి, తిరిగి సముద్రానికి పోతుంది. మడవలు, పండుగప్పలు, మండపీతలు కూడా ఇలా లోపలికీ బయటికీ తిరిగే ప్రాణులే. ఈశాన్య రుతుపవనంలో స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు నింపిన వాన నీరు ఈ దారిన సముద్రానికి దిగితేనే నోరు తెరుచుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుక దాన్ని మూస్తుంది. వాన తగ్గిన ఏడు ఇసుకదే గెలుపు. ఆంధ్ర వైపు రాయదొరువు, కొండూరుపాళెం, తమిళనాడు వైపు పళవేర్కాడు. సరస్సుకున్న దారులు ఇవే. అవి మూసుకుంటే అరవై కిలోమీటర్ల పొడుగున్న నీటిని ఎండ పీల్చేస్తుంది. వానాకాలంలో 450 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకునే సరస్సు వేసవికి 250కి కుంచించుకుపోతుంది. ఈ ఉత్తరపు వైపున ఏప్రిల్, మే నెలల్లో ఉప్పు పేరిన బురద నేల మీద మోటారు సైకిళ్లు పోతుంటాయి.

"ఆటూ పోటూ ఆడకపోతే చెరువు చచ్చినట్టే," అన్నాడు పెద్దాయన. మీతోపాటు నడిచి వచ్చాడు, వద్దన్నా వినలేదు. "మేమే చందాలేసుకుని తవ్వతాం. పదిరోజులుంటాది. మళ్లా పూడిపోతాది."

ఈ నీటిని పాతకాలం వాళ్లు ప్రళయకావేరి అంటారు. ఈ సరస్సులోని దీవుల బతుకునూ మాటనూ స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'లో పట్టి ఉంచారు. ఇక్కడికి వచ్చే ముందు ఏ ట్రావెల్ గైడు చదివినా చదవకపోయినా ఆ పుస్తకం చదివి రండి.

పాయ దాటి సరస్సు అంచు పట్టుకుని నడిస్తే నీళ్లలో నాలుగు తలలు కనిపిస్తాయి. దగ్గరికి పోయేదాకా అవి మనుషులవని పోల్చుకోలేరు. యానాది ఆడవాళ్లు. నీళ్లు తొడల దాకా కూడా రావు, కానీ వాళ్లు కూర్చుని ఉన్నారు, మెడ వరకు మునిగి. ఒకామె పళ్ల మధ్య తాటాకు బుట్ట అంచు కరిచి పట్టుకుంది. రెండు చేతులూ నీటి అడుగున బురదలో వెతుకుతున్నాయి. ముందుకు అరిచేతులు జరుపుతుంది, రెండూ దగ్గరికి తెస్తుంది, ఆగుతుంది. బురదలో కదలిక వేలికి తగలాలి. తగిలింది. మూసిన పిడికిలి పైకొచ్చి బుట్ట మూతిలో దూరి ఖాళీగా బయటికొచ్చింది. లోపల రొయ్య టపటప కొట్టుకున్న చప్పుడు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు, మళ్లీ అరిచేతులు. వలా పడవా లేవు. నోట్లో బుట్ట ఉంది కాబట్టి మాట కూడా లేదు. ఆలిచిప్పల అంచులు కోసిన గీతలు వేళ్ల నిండా. జెల్ల ముల్లు గుచ్చుకుంటే రెండు రోజులు చెయ్యి ఎత్తలేరు.

గట్టు మీద ఒక ముసలామె చుట్ట కాలుస్తూ బుట్టల కాపలా కూర్చుంది.

"అవ్వా, ఎంత పడతాయి రోజుకు?"

"పడిన రోజు పడతాయి నాయనా. పడనిరోజు ఈతకొట్టినట్టే."

ఫోటో తీసుకుంటానని అడిగితే ఆమె నవ్వింది. "తీసుకో. నీళ్లలోంచి లేసినంక వద్దు, చలికి వణకతా ఉంటారు, బాగుండదు." ఎవరిని ఎప్పుడు ఫోటో తీయాలో ఈ ఒక్క మాటలో ఉంది. టూరిజం శాఖ కరపత్రాల్లో ఇది ఎక్కడా కనపడదు.

1970 ప్రాంతంలో శ్రీహరికోటను రాకెట్ల కోసం తీసుకున్నప్పుడు ఆ అడవి దీవిలో ఉన్నది ఎక్కువగా యానాదులే. కట్టె, తేనె, వేళ్లు, చేపలతో నడిచిన బతుకులు అవతలి గట్టు కాలనీల్లోకి మారాయి. 1971లో మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. ఆ దీవి నుంచి చంద్రయాన్-3 ఎగిరిన 2023 జులై 14న దేశమంతా టీవీల ముందు చప్పట్లు కొట్టింది. ఆ మధ్యాహ్నం ఈ నీళ్లలో చేతులతో రొయ్యలు వెతికినవాళ్లు కూడా తలెత్తే ఉంటారు.

పులికాట్‌లో చేపలు పట్టేది పోటీ పడి కాదు. ముఖ్యంగా దక్షిణపు పల్లెల్లో 'పాడు' అని ఒక కట్టుబాటుంది. రొయ్య బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి కాబట్టి ఎవరి వల ఏ రోజు ఎక్కడ పడాలో ఊరి పెద్దల ముందు చీట్లు వేసి తేలుస్తారు. వంతు తప్పి వల వేసినవాడు ఊరికి జవాబు చెప్పాలి. సర్కారు చట్టం కంటే ఇది పాతది, గట్టిది కూడా. చేపలు తగ్గినప్పుడు మాత్రం ఏ కట్టుబాటుకైనా కష్టమే. ఆంధ్ర, తమిళ జాలర్ల మధ్య హద్దు గొడవలు లేచేది అలాంటి ఏళ్లలోనే.

మధ్యాహ్నం భోజనం పెద్దాయన ఇంట్లోనే. హోటలు లేదు కాబట్టి కాదు, ఆయన ఒప్పుకోలేదు కాబట్టి. మడవల పులుసు. మామిడికాయ కాలం ఇంకా రాలేదు, చింతపండుతోనే లాగించారు. నిన్న రాత్రి కాచింది. నెల్లూరు వాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లు తెలుసుకోండి: చేపల పులుసు కాచిన రోజు తినేవాడు తొందరపాటు మనిషి.

మల్లాం మీదుగా నాయుడుపేట చేరి, జాతీయ రహదారి ఎక్కి దక్షిణానికి తిరిగారు. మల్లాంలో చోళుల నాటి శాసనాలున్న సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి ఉంది. దిగి చూడాలంటే నేలపట్టు పక్షుల చెరువుకు ఆలస్యమవుతుంది. ఈసారికి దండం పెట్టుకుని సాగండి.

దొరవారిసత్రం దగ్గర రోడ్డు దిగిన కాసేపటికి వాసన తగులుతుంది. ఘాటు, ముక్కులో సూదిలా దిగే రెట్ట వాసన. నేలపట్టు చెరువు వచ్చిందన్నమాట. 1976 నుంచి అభయారణ్యం. దాదాపు 459 హెక్టార్లు. మంచె ఎక్కండి. నీటి మధ్య నిలబడ్డ నీటి కడప చెట్లు ఆకుపచ్చగా ఉండాలి. తెల్లగా ఉన్నాయి. సగం తెలుపు పక్షిది, సగం దాని రెట్టది. ఒక్కో చెట్టు మీద అంతస్తుల్లా గూళ్లు: పైన గూడబాతులు, నడుమ నత్తగుల్ల కొంగలు, కింద నీటికాకులు. చోటు కోసం ముక్కుల కొట్లాట.

గూడబాతు ఒకటి దక్షిణం వైపు నుంచి వస్తోంది. రెక్కలు ఆడించకుండా జారుతూ వచ్చి గూటి అంచున బరువుగా దిగింది. చెట్టుకొమ్మ కిందికి ఊగి లేచింది. పిల్ల, ఇంకా ఈకలు సరిగ్గా రాని బొద్దు పిల్ల, అరుస్తూ దాని ముక్కు కింది సంచిలోకి తల దూర్చింది. తల మాత్రమే కాదు, మెడ కూడా. తల్లి అటూ ఇటూ తూలుతోంది. పిల్ల బయటికి వచ్చేసరికి ముఖమంతా చేప జిగురు. పెద్ద గూడబాతులు నోరు మెదపవు, ఈ చెరువులో వినిపించే గోలంతా పిల్లలదే.

ఆ చేప ఎక్కడిది? పులికాట్‌ది. కాపురం ఇక్కడ, బజారు అక్కడ. పొద్దున మీరు మోకాలి లోతులో నిలబడిన పాయలోంచి లోపలికి వచ్చిన పిల్ల మడవే ఈ సంచిలోకి చేరి ఉండొచ్చు. సరస్సు ఎండిన ఏడు నేలపట్టుకు పక్షులు తగ్గుతాయి, వచ్చినవి కూడా గూళ్లు వదిలి పోతాయి. అభయారణ్యానికి కంచె వేసినంత మాత్రాన పక్షి నిలవదు. దాని తిండికి ఎవరూ కంచె వేయలేరు.

ఈ పక్షులను మొదట కాపాడింది అటవీ శాఖ కాదు, ఊరివాళ్లు. అవి వస్తే వానలు పడతాయనీ, పంట పండుతుందనీ నమ్మకం. నమ్మకం వెనక లెక్క కూడా ఉంది. రెట్ట కలిసిన చెరువు నీళ్లు కింది మడులకు పారతాయి, ఎరువు ఖర్చు తగ్గుతుంది. ఈ పొలాల గట్ల మీద పక్షి మీద రాయి వేసిన పిల్లాడికి వీపు విమానం మోత మోగేదట.

సాయంత్రం నాలుగున్నర. సూళ్లూరుపేట. చెంగాళమ్మ గుడి ముందు కార్ల వరుస. రాకెట్ ఎగిరే ముందు ఇస్రో పెద్దలు వచ్చి మొక్కుకునే అమ్మవారు ఈమే. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డెక్కారు. దాదాపు 18 కిలోమీటర్ల రోడ్డు, అందులో ఎక్కువ భాగం సరస్సు గుండెల మీదుగా పోతుంది. రెండు వైపులా నీళ్లు, ఒక్కోచోట కారు అద్దం దించితే చిందు తగిలేంత దగ్గర. ఈ కట్ట లేనిదే రాకెట్ కేంద్రం లేదు. ఉత్తరపు నీళ్లనూ దక్షిణపు నీళ్లనూ విడదీసింది కూడా ఇదే కట్ట అని పర్యావరణం చదివినవాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. రెండు మాటలూ నిజమే.

అటకానితిప్ప దగ్గర చెన్నై కార్లు ఆగి ఉన్నాయి. తమిళం, తెలుగు కలగలుపు. మొక్కజొన్న కంకులు కాల్చే బండి, మసాలా బఠాణీ, ఒక పిల్లాడి ఏడుపు. అందరూ చూస్తున్న వైపు చూడండి. దూరంగా నీటి మీద గులాబీ రంగు గీత. బైనాక్యులర్స్ పెట్టగానే ఆ గీత వేల కాళ్లుగా విడిపోయింది. ఫ్లెమింగోలు తల కిందులుగా ముంచి, కాళ్లతో బురద కలియదొక్కుతూ, ముక్కు జల్లెడలో నాచునూ సన్న పురుగులనూ వడగట్టుకుంటున్నాయి. ఆ తిండిలోని రంగే ఈకలకు గులాబీ. నడుమ బూడిద రంగువి ఉన్నాయి చూశారా, అవి పిల్లలు, ఇంకా రంగు తినలేదు. గుజరాత్‌లోని కచ్ రణ్‌లో పుట్టి ఇంత దూరం వచ్చినవి. ఎవరో డ్రోన్ లేపారు. గుంపు మెడలు ఒకేసారి పైకి లేచాయి. మరుక్షణం నీరంతా ఎర్రగా నల్లగా రెక్కలై లేచి అవతలికి పోయింది. జనం కేరింతలు. డ్రోన్ కుర్రాడికి వీడియో దొరికింది, పక్షులకు పూట తిండి పోయింది. నాకు చేతనైతే ఈ రోడ్డు మీద డ్రోన్ తెచ్చినవాడిచేత ఒక రోజు రొయ్యలు చేతులతో ఏరించాలనిపిస్తుంది.

స్కాట్లండ్‌లో లోక్ నెస్ అనే సరస్సుంది. 230 మీటర్ల దాకా లోతు. అందులో ఒక వింత జంతువు ఉందని 1933లో పేపర్లలో వచ్చింది. ఈ రోజుకూ అది దొరకలేదు. అయినా ఆ పేరు మీద పడవ షికార్లు, ప్రదర్శనశాల, బొమ్మల దుకాణాలు, ఇంటి గదులు అద్దెకిచ్చుకునే పల్లెలు బతుకుతున్నాయి. ఏడాది పొడుగునా జనం పోయి లేనిదాన్ని చూసి వస్తున్నారు. మన సరస్సు సగటు లోతు ఒక మీటరు. దాచుకోవడానికి చోటే లేదు, ఉన్నదంతా కళ్ల ముందే నిలబడి ఉంది. అయినా వచ్చేవాళ్లు రోడ్డు మీద అరగంట ఆగి, కంకి తిని, రాత్రి భోజనానికి చెన్నై చేరుకుంటారు. ఇటు గట్టు పల్లెల్లో ఎవరింటా రాత్రి నిద్ర చేయరు, ఎవరి పడవా ఎక్కరు. భీమునివారిపాళెంలో పడవ షికారు ఉంది, అక్కడి నుంచి ఇరకం దీవి దాకా పోవచ్చు. మనకు షికారైన ఆ పడవే ఇరకం వాళ్లకు బడికీ ఆసుపత్రికీ దారి.

2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ మంచిదే. నడుమ కొన్నేళ్లు ఆగి, 2025 జనవరి 18 నుంచి 20 దాకా మళ్లీ జరిగింది. బడిపిల్లలు గూడబాతును దగ్గరగా చూశారంటే అదే పదివేలు. నా ఫిర్యాదు ఒక్కటే. పండగ సరస్సు నడుమ జరుగుతుంది, రోగం సరస్సు నోట్లో ఉంది. సినిమా పాటల వేదిక వేసేవాళ్లు ఒక్కరోజు రాయదొరువు ఇసుకలో నడిచి వస్తే బాగుండును.

చేయలేని పనేం కాదిది. ఒడిశాలో చిలికా కూడా ఇలాగే నోరు పూడి చచ్చే దశకు వచ్చింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పు తిరిగి వచ్చింది, చేపలు పెరిగాయి, గడ్డి తగ్గింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి 2002లో చిలికా పేరు కొట్టేశారు. పర్యాటకులు పెరిగింది ఆ తర్వాతే. ఇక్కడ ఒకసారి తవ్వి వదిలేస్తే చాలదు, ఉత్తరానికి నడిచే ఇసుక మళ్లీ వస్తుంది. రాళ్ల గోడలు కావాలి, ఏటా పూడిక తీసే ఏర్పాటు కావాలి, ఎప్పుడు తీయాలో జాలర్లను అడిగే బుద్ధి కావాలి. కోట, చిల్లకూరు పక్కన కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. వేల ఎకరాలను చదును చేయగలిగిన ప్రభుత్వానికి ఒక పాయను తెరిచి ఉంచడం పెద్ద పనేమీ కాదు.

వచ్చే జనవరిలో పక్షుల పండగకు బయల్దేరేవాళ్లు ఒక రోజు ముందే గూడూరులో దిగండి. కోట, వాకాడు మీదుగా దుగరాజపట్నం పోయి, రాయదొరువు దాకా నడవండి. చూపించిన మనిషికి కూలి ఇవ్వండి, అక్కడి చేపలే కొనండి, డ్రోన్ ఇంట్లో వదిలేయండి. పాయ తెరిచి ఉందో పూడి ఉందో కళ్లారా చూశాక సూళ్లూరుపేట పొండి. అక్కడ వేదిక మీద మైకు పట్టుకున్నవాళ్లను అడగాల్సింది ఒక్కటే: ముఖద్వారం ఎప్పుడు తెరుస్తారు?